బండి చప్పుడూ, కాకీ తాటిపండూ

"మనం హేతువాదులం కదండీ, మనకి మూఢనమ్మకాలు ఎక్కడుంటాయి?" అని ఈ మధ్య ఒక యువ మిత్రుడు అడిగాడు. అప్పుడు నవ్వి ఊరుకున్నాను. నాలుగు మాటల్లో చెప్పేది కాదు. నాకు ఒక పాత బండి నేర్పిన పాఠం అది. అది చెప్పాలంటే ముందు నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. ఆ తప్పుకి ఒక కుర్రాడి ఉద్యోగం పోయింది. అందుకే ఇన్నేళ్ళూ రాయలేదు.

మాది అసలు శ్రీకాకుళం జిల్లా సముద్ర తీరం. మా నాన్నగారు పని వెతుక్కుంటూ ఓడెక్కి అండమాన్ వచ్చారు. నేను ఇక్కడే పెరిగాను, ఇక్కడే బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. పోర్ట్ బ్లెయిర్‌కి 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు గానీ, పాత నోళ్ళకి పాత పేరే వస్తుంది, మన్నించండి. ఇక్కడ మనవాళ్ళు తక్కువేం కాదు. 2011 లెక్కల్లో ఈ దీవుల జనం సుమారు 3 లక్షల 80 వేలయితే, అందులో నూటికి పదమూడు మంది దాకా తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్ళే. జంగ్లీఘాట్ వైపు వెళితే ఉత్తరాంధ్ర యాస వినపడకుండా వీధి దాటలేరు.

2009లో ఒక డీజిల్ ఎస్‌యూవీ కొన్నాను. సెకండ్ హ్యాండు. 2001 మోడల్. ఏ కంపెనీదో చెప్పను, ఎందుకంటే ఈ కథలో కంపెనీ తప్పేం లేదు. ఏడుగురు కూర్చునే బండి, వెనక కమాన్ కట్టలు, ముందు ఎత్తయిన బానెట్టు. గుంటల రోడ్లకి, వానలకి ఏనుగులాంటిది. ఏనుగులాగే తిండి కూడా ఎక్కువే.

ఇక్కడ పాత బండి పెట్టుకోవడం అంటే ఏమిటో మెయిన్‌లాండ్‌లో ఉన్నవాళ్ళకి చెప్పాలి. ఏడాదికి సుమారు 3 వేల మిల్లీమీటర్ల వాన. గాలి నిండా ఉప్పు. ఎక్కడ పెయింట్ లేచిందో అక్కడ ఆరు నెలల్లో తుప్పు. ఒక్కోసారి స్పేర్ పార్ట్ దొరక్కపోతే చెన్నై నుంచో, కలకత్తా నుంచో, విశాఖ నుంచో ఓడలో రావాలి. ఓడ ప్రయాణమే రెండున్నర, మూడు రోజులు. సరుకు ఓడెక్కడానికి, దిగడానికి పట్టే రోజులు వేరే. అందువల్ల "ఇది మార్చి చూద్దాం, పోకపోతే అది మార్చి చూద్దాం" అనే వైద్యం ఇక్కడ చెల్లదు. ముందు రోగం ఏమిటో తెలియాలి.

2014 వేసవిలో మా బండి చప్పుడు మొదలుపెట్టింది. మొదట రెండు చప్పుళ్ళు. నెమ్మదిగా వెళుతుంటే పిచ్చుక పిల్లలాగా "చిక్ చిక్ చిక్". రివర్సు గేరు వేసి క్లచ్ వదిలితే కిందనుంచి "టక్" అని ఒక దెబ్బ. ఇది తెలిసిన రోగమే. ప్రొపెల్లర్ షాఫ్ట్ చివరల్లో క్రాస్ జాయింట్లు ఉంటాయి. అందులో సూది బేరింగులు గ్రీజు లేక ఎండిపోతే చిక్ చిక్‌మంటాయి. అరిగి లూజయితే టక్‌మంటాయి. నేను వెళ్ళే షెడ్డులో మేస్త్రి చూసి అదే చెప్పాడు. క్రాసులు కొత్తవి వేయించాను. ఆ పని చేసింది మేస్త్రి కాదు, అతని దగ్గర పనిచేసే కుర్రాడు. పంతొమ్మిదేళ్ళుంటాయి. మన సోంపేట వైపు వాడు. రోజు కూలీ.

బండి తీసుకుని ఇంటికి బయల్దేరాను. పిచ్చుక పోయింది. టక్ పోయింది. నలభై దాటగానే కొత్తగా ఒక మూలుగు వినపడింది. "ఊఁ..." అని, దూరంగా విమానం వెళుతున్నట్టు. స్పీడు పెంచితే పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది.

ఇంట్లో విషయం తెలియగానే మా అత్తయ్యగారు నిమ్మకాయా మిరపకాయలూ దండ కట్టించి బంపరుకి వేలాడదీయమన్నారు. "బండికి దిష్టి తగిలింది బాబూ" అన్నారు. నేను అలవాటు ప్రకారం ఒక ఉపన్యాసం ఇచ్చాను. నిమ్మకాయకి, బేరింగుకి ఏమిటి సంబంధం? నిమ్మరసం పులుపు, ఇనుముకి ఇంకా చెడుపు. ఒక సంఘటన తర్వాత ఇంకొకటి జరిగితే మొదటిది రెండోదానికి కారణం అయిపోదు. మన పెద్దలే దీనికి కాకతాళీయం అని పేరు పెట్టారు. కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలింది, అదే క్షణంలో తాటిపండు రాలింది. కాకి బరువుకి పండు రాలిందని చూసినవాడు అనుకున్నాడు. పండు మాగి రాలింది. కాకి రాకపోయినా రాలేది. ఇదంతా చెప్పాను. అత్తయ్యగారు ఓపిగ్గా విన్నారు. దండ మాత్రం కట్టించారు.

మర్నాడు షెడ్డుకి వెళ్ళి నేను చేసిన పని చూడండి.

"పని చేయించకముందు ఈ మూలుగు లేదు. చేయించాక వచ్చింది. కాబట్టి ఈ కుర్రాడే ఏదో చేశాడు" అన్నాను.

కాకి, తాటిపండు. నిన్న ఇంట్లో ఏది తప్పని గంటసేపు చెప్పానో, ఇవాళ షెడ్డులో అదే చేశాను. తేడా ఏమిటంటే నా కాకికి సాంకేతిక పరిజ్ఞానం ఉంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ రెండు చివరల ఫోర్కులూ ఒకే వరసలో ఉండాలి, విప్పి బిగించేటప్పుడు ఒక్క పన్ను తేడాగా కూర్చుంటే షాఫ్ట్ అదురుతుంది, అందుకే విప్పేముందు గుర్తు పెట్టుకోవాలి అని ఒక పుస్తకంలో చదివి ఉన్నాను. అది నిజమే. సగం చదువుకి ఒక్క నిజం చాలు. "గుర్తు పెట్టకుండా విప్పాడు, వరస తప్పించి బిగించాడు" అని తీర్పు చెప్పేశాను. షెడ్డులో ఇంకా నలుగురు ఖాతాదారులున్నారు, అందరూ వింటున్నారు.

ఆ కుర్రాడు ఒకటే అన్నాడు. "గుర్తెట్టే ఇప్పాను సార్. ఇది షాఫ్ట్ మోత కాదనిపిస్తంది. ముందు చక్రాలు ఓపాలి జాకీ ఎత్తి సూద్దారి సార్."

తప్పు కప్పిపుచ్చుకోడానికి మాట మారుస్తున్నాడని నాకు అనిపించింది. అదీ పైకే అన్నాను. మేస్త్రికి నాలాంటి ఖాతాదారు కావాలి, కుర్రాళ్ళు ఓడ దిగి వస్తూనే ఉంటారు. సాయంత్రానికి వాణ్ణి పని మానిపించాడు. మేస్త్రే షాఫ్ట్ మళ్ళీ విప్పి బిగించాడు. గుర్తులు సరిగ్గానే ఉన్నాయా లేవా అని నేను అడగలేదు, అతను చెప్పలేదు.

చిత్రం ఏమిటంటే, తర్వాత వారం రోజులు మూలుగు తగ్గింది. తగ్గిందని నాకు అనిపించింది. ఆ వారమంతా ఎడతెరిపి లేని వాన. అద్దాలన్నీ ఎత్తేసుకుని, ముప్పై దాటకుండా నడిపాను. పై రేకు మీద వాన మోతలో ఏం వినపడుతుంది? కానీ నేను ఇంట్లో, స్నేహితుల దగ్గర, "చూశారా, కారణం పట్టుకుంటే రోగం పోతుంది" అని చెప్పుకున్నాను. తాయెత్తు కట్టించుకున్నాక జ్వరం తగ్గినవాడు చెప్పుకునేది కూడా సరిగ్గా ఇదే.

వాన వెలిశాక మూలుగు మళ్ళీ వినపడింది. ఈసారి నేను దానికి అలవాటు పడిపోయాను. "టైర్లు పాతవి, వాటి మోత" అనేసుకున్నాను.

ఒకరోజు అత్తయ్యగారిని జీబీ పంత్ ఆస్పత్రికి తీసుకెళ్ళి వస్తున్నాం. ఆవిడ ఎప్పుడూ రెండో వరసలో ఎడమ కిటికీ దగ్గరే కూర్చుంటారు. ఉన్నట్టుండి అన్నారు: "బాబూ, ఈ బండి కుడేపు తిరిగినప్పుడల్లా గట్టిగా మూలుగుతంది, ఎడమేపు తిరిగితే ఊరుకుంటంది. నా కాళ్ళకాడే మూలుగుతంది."

నేను ఊఁ కొట్టాను. నిమ్మకాయల దండ కట్టిన మనిషి మాట కదా.

ఆ ఒక్క వాక్యంలో రోగ నిర్ణయం అంతా ఉంది. ఎలాగో చెబుతాను, మీకూ పనికొస్తుంది.

బండిలో వింత చప్పుడు వస్తే మొదటి ప్రశ్న "ఏమిటది?" కాదు, "దేనితో పాటు మారుతోంది?" అనేది. బండి నిలబెట్టి న్యూట్రల్‌లో ఇంజను రేజ్ చేస్తే చప్పుడు వస్తుందా? వస్తే అది ఇంజనుదో, దానికి తగిలించిన బెల్టులదో, సైలెన్సరుదో. రాకపోతే, బండి కదిలితేనే వస్తే, ఖాళీ రోడ్డు మీద యాభైలో వెళుతూ ఒక్క క్షణం న్యూట్రల్ చేయాలి. ఇంజను దిగిపోయినా చప్పుడు అలాగే ఉంటే ఇంజను నిర్దోషి. ఇక మిగిలింది టైర్లు, చక్రాల బేరింగులు, షాఫ్ట్, వెనక హౌసింగ్‌లో క్రౌన్ పినియన్లు. టైరు మోత అయితే రోడ్డుని బట్టి మారుతుంది, కొత్త తారు మీద ఒకలా, గరుకు రోడ్డు మీద ఒకలా. క్రౌన్ పినియన్ల ఏడుపు ఎక్సలేటర్ తొక్కినప్పుడు ఒకలా, వదిలినప్పుడు ఒకలా ఉంటుంది. షాఫ్ట్ అదురు ఏదో ఒక వేగం దగ్గర ఎక్కువై, అది దాటితే తగ్గుతుంది.

చక్రం బేరింగు సంగతి వేరు. బండి కుడివైపు తిరిగేటప్పుడు బరువు ఎడమ చక్రాల మీదకి ఒరుగుతుంది. బస్సు కుడికి తిరిగితే మనం ఎడమవైపు తూలుతాం కదా, అదే. అప్పుడు దెబ్బతిన్న ఎడమ బేరింగు గట్టిగా మూలుగుతుంది. ఎడమవైపు తిరిగితే బరువు తగ్గి శాంతిస్తుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ బండి మధ్యలో నిడుపుగా ఉంటుంది, కుడి ఎడమలు దానికి పట్టవు.

లెక్క కట్టినా సరిపోయేది. గంటకి 40 కిలోమీటర్లంటే సెకనుకి సుమారు 11 మీటర్లు. మా బండి చక్రం చుట్టుకొలత రెండు మీటర్ల పైచిలుకు. అంటే చక్రం సెకనుకి ఐదు చుట్లు. షాఫ్ట్ దానికి నాలుగు రెట్లు, అంటే ఇరవై చుట్లు. ఆ మూలుగు శ్రద్ధగా వింటే, పైకీ కిందకీ ఊగుతూ ఉండేది. ఆ ఊపు చక్రం చుట్టుకి దగ్గరగా ఉండేది, షాఫ్ట్ చుట్టుకి కాదు. బడిలో పిల్లలకి ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి. ఈ లెక్క నేను చేయలేదు. సమాధానం ముందే తెలుసనుకున్నవాడు లెక్క ఎందుకు చేస్తాడు?

చప్పుడుతో రోగం కనిపెట్టడం పాత విద్య. 1761లో ఆస్ట్రియా వైద్యుడు ఔఎన్‌బ్రుగర్ రోగి ఛాతీ మీద వేళ్ళతో తట్టి వినే పద్ధతి గురించి పుస్తకం రాశాడు. ఆయన తండ్రి సత్రం నడిపేవాడు. పీపాలో సారా ఎంతవరకు ఉందో తట్టి తెలుసుకోవడం ఆ ఇంటి విద్య. 1816లో పారిస్‌లో లేనెక్ కాగితం చుట్ట చుట్టి రోగి గుండె మీద ఆనించి విన్నాడు, స్టెతస్కోపుకి అదే మొదలు. మా షెడ్డు మేస్త్రి పొడవాటి స్క్రూడ్రైవరు ఇంజను మీద ఆనించి పిడిని చెవికి పెట్టుకుంటాడు, అదీ అదే విద్య. చిన్నప్పుడు వాల్తేరు స్టేషనులో రైలు ఆగితే ఒకాయన సుత్తితో చక్రాలు కొట్టుకుంటూ వెళ్ళడం చూసేవాణ్ణి. బాగున్న చక్రం గంటలా మోగుతుంది, పగులున్నది బోదుగా పలుకుతుంది. వీళ్ళందరూ ముందు విన్నారు, తర్వాత చెప్పారు. నేను ముందు చెప్పేసి, తర్వాత వినడం మానేశాను.

ఆ డిసెంబరులో రంగత్‌లో మా బావమరిది కొడుకు పెళ్ళి. పోర్ట్ బ్లెయిర్ నుంచి సుమారు 170 కిలోమీటర్లు. అండమాన్ ట్రంక్ రోడ్డు మీద జిర్కాటాంగ్ దాకా వెళ్ళి, అక్కడినుంచి జారవా రిజర్వు అడవిలో కాన్వాయ్‌లో వెళ్ళాలి. ఎవరికి వారు వెళ్ళడం కుదరదు. ముందూ వెనకా పోలీసులు, వేగం నలభైకి మించరాదు, మధ్యలో ఆగరాదు, ఫోటోలు తీయరాదు. ఇది మంచి నియమమే. అది జారవాల ఇల్లు. వాళ్ళ ఇంట్లోంచి మనం దారి వేసుకున్నాం, కనీసం ఆగకుండా వెళ్ళాలి. సుమారు 50 కిలోమీటర్లు అలా వెళితే మిడిల్ స్ట్రెయిట్ వస్తుంది. అక్కడ ఫెర్రీ ఎక్కి బారాటాంగ్ దాటాలి.

పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు ఆ మూలుగుని వెంటబెట్టుకుని తెల్లవారకముందే బయల్దేరాను. బండిలో మా ఆవిడ, అత్తయ్యగారు, మా అమ్మాయి, దాని రెండేళ్ళ పిల్ల.

కాన్వాయ్ మధ్యలో మూలుగు గరగరలాడడం మొదలైంది. బియ్యంలో రాళ్ళు కలిపి విసురుతున్నట్టు. మలుపుల్లో స్టీరింగు చేతిలో వణికింది. బ్రేకు మామూలు కంటే లోతుగా దిగింది. ముందు బస్సు, వెనక లారీ. ఆగడానికి లేదు. ఆగితే వెనక ఉన్న యాభై బండ్లు ఆగాలి. అత్తయ్యగారు "ఏదో మాడు కంపు వత్తంది బాబూ" అన్నారు. మనవరాలు ఆవిడ ఒళ్ళో నిద్రపోతోంది. ఇరవైకి తగ్గించి, చెమటలు కక్కుతూ నడిపాను. ఆ గంట సేపూ నేను ఏ దేవుణ్ణీ తలుచుకోలేదని గొప్పగా చెప్పుకోవచ్చు. కానీ "ఇంకొంచెం దూరం, ఏమీ కాదు" అని పదే పదే అనుకున్నాను. ఆధారం లేకుండా అనుకున్న ఆ మాట ప్రార్థన కాకపోతే ఇంకేమిటి?

మిడిల్ స్ట్రెయిట్ జెట్టీ దగ్గర దిగి చూశాను. ఎడమ ముందు చక్రం మధ్య భాగం దగ్గర చెయ్యి పెట్టలేనంత వేడి. వెనక లారీ డ్రైవరు, రాంచీ వైపు మనిషి, వచ్చి జాకీ వేసి ఎత్తాడు. చక్రం పైనొక చెయ్యి, కిందొక చెయ్యి వేసి ఊపాడు. చక్రం వదులైన పన్నులాగా ఊగింది. నా ముఖం చూసి, "మాస్టర్జీ, బాల్‌బచ్చాని బస్సు ఎక్కించండి" అన్నాడు.

వాళ్ళని బస్సు ఎక్కించాను. నేను ఖాళీ బండిని ఫెర్రీ దాటించి, నడిచే వేగంతో బారాటాంగ్‌లో ఒక చిన్న షెడ్డుకి చేర్చాను. హబ్ విప్పారు. బేరింగు రోలర్లు అరిగి, గుంటలు పడి, ఒకటి రెండు ముక్కలైపోయాయి. పంజరం విరిగి పొడైంది. అంచున మిగిలిన గ్రీజు మాడి నల్లగా, లోపల మూలన మిగిలింది మజ్జిగలా తెల్లగా ఉంది. గ్రీజు తెల్లబడిందంటే నీళ్ళు కలిశాయన్నమాట.

షెడ్డు అతను నన్ను అడక్కుండానే కుడి చక్రం కూడా విప్పాడు. అది ఏ చప్పుడూ చేయని చక్రం. అందులోనూ తెల్లగా మజ్జిగే. రోలర్ల మీద సన్నగా తుప్పు మచ్చలు, ఇంకా లోతు దిగలేదు. అతను "సముద్రపు నీళ్ళు" అని ఒక్క మాట అన్నాడు.

ఎక్కడినుంచి వచ్చాయో నాకు అప్పుడు తట్టింది. 2004 డిసెంబరు 26 భూకంపంలో దక్షిణ అండమాన్ నేల సుమారు ఒక మీటరు కుంగిపోయింది. సిప్పిఘాట్ దగ్గర వరి పొలాల్లోకి సముద్రం వచ్చి అలాగే ఉండిపోయింది. ఆ వైపు మా చుట్టాల తోట ఉంది. దానికి వెళ్ళే పక్క దారి మీదకి పున్నమికీ అమావాస్యకీ పోటు నీళ్ళు వచ్చేవి. రెండేళ్ళుగా నెలకి నాలుగైదు సార్లు ఆ నీళ్ళలోంచే బండి దాటించాను. పరుగెత్తి వేడెక్కిన హబ్ చల్లటి నీళ్ళలో దిగితే లోపలి గాలి ముడుచుకుని, పాత సీలు సందులోంచి నీళ్ళని లోపలికి పీల్చుకుంటుంది. ఎడమ చక్రమే ముందు ఎందుకు పోయిందో కూడా అర్థమైంది. మనం ఎడమవైపు నడుపుతాం. రోడ్డు అంచు ఎడమవైపే, అంచున నీళ్ళు లోతు. వెళ్ళేటప్పుడూ ఎడమే, వచ్చేటప్పుడూ ఎడమే.

మరి పని చేయించిన రోజే మూలుగు ఎందుకు మొదలైంది? మొదలవలేదు. అంతకుముందు కూడా ఉంది. క్రాసుల చిక్ చిక్, టక్ టక్‌ల కింద అది వినపడలేదు. కుర్రాడు పెద్ద చప్పుళ్ళు సరిగ్గా బాగుచేసినందుకే చిన్న చప్పుడు బయటపడింది. పని బాగా చేసినందుకు వాడికి శిక్ష పడింది.

పెళ్ళి నేను చూడలేదు. మర్నాడు పోర్ట్ బ్లెయిర్ నుంచి బస్సులో బేరింగులు వచ్చేదాకా ఆ షెడ్డు బల్ల మీద కూర్చున్నాను. ఆలోచించుకోడానికి బోలెడంత టైము దొరికింది. షెడ్డులో ఆ రోజు వాడు చెప్పినట్టు జాకీ వేసి చక్రం ఊపి, చేత్తో తిప్పి వింటే పది నిమిషాల పని. పైసా ఖర్చు లేదు. నేను వద్దనడానికి కారణం బేరింగు గురించి నాకున్న అభిప్రాయం కాదు, చెప్పినవాడు ఎవడన్నది. అత్తయ్యగారి మాట కూడా అంతే. ఆవిడ కారణం విషయంలో పొరబడ్డారు, దిష్టి అన్నారు. చూసిన విషయంలో పొరబడలేదు. నేను రెండూ కలిపి పారేశాను. ఆవిడ నిమ్మకాయల దండ వల్ల ఎవరికీ నష్టం జరగలేదు. నా దండ ఒకడి మెడకి పడింది.

తిరిగి వచ్చాక వాడి కోసం వెతికాను. జంగ్లీఘాట్‌లో చేపల డోంగీ మీద పనికి వెళుతున్నాడని తెలిసింది. ఒకరోజు తెల్లవారుజామున రేవు దగ్గర నిలబడ్డాను. వాడు డోంగీ కట్టేసి ఐసు పెట్టె మోసుకొస్తున్నాడు. జరిగింది చెప్పాను. విరిగిన రోలర్లు జేబులో వేసుకుని తీసుకెళ్ళాను, చూపించాను. వాడు ఒకటి తీసి వేలితో తిప్పి చూసి, "ఉప్పునీరు సార్" అన్నాడు. నాకు రెండు వందల కిలోమీటర్లు తిరిగితే గానీ తెలియనిది వాడికి ఒక్క చూపులో తెలిసింది.

"నాది తప్పయింది, క్షమించు" అన్నాను.

వాడు కాసేపు ఊరుకుని, "నాకు సెప్తే ఏటవుద్ది సార్? ఆ దినం ఆ షెడ్డుకాడ ఎందరున్నారో, ఆళ్ళ కాడ సెప్పండి" అన్నాడు.

న్యాయమైన మాట. ఆ నలుగురు ఖాతాదారుల్లో ముగ్గురు ఎవరో నాకు తెలుసు. ముగ్గురి ఇళ్ళకీ వెళ్ళాను. ఒకాయన నవ్వాడు. ఒకాయన, "మేమూ ఆ కుర్రాడు పనికి రాడనే అనుకున్నామండీ" అన్నాడు, అది అన్నిటికంటే ఎక్కువ నొప్పించింది. నాలుగో ఆయన ఎవరో ఇప్పటికీ తెలియదు. మేస్త్రి దగ్గరికి వెళ్ళి పనివాళ్ళందరి ముందూ చెప్పాను. వాణ్ణి మళ్ళీ పిలుస్తానన్నాడు. వాడు వెళ్ళలేదు. డోంగీ ఇంజన్ల రిపేరు నేర్చుకున్నాడు. ఇప్పుడు రేవు దగ్గర వాడికి మంచి పేరుంది. అందువల్ల అంతా మంచికే జరిగిందని మాత్రం నేను అనను. ఆ ఏడు నెలలు ఇంటికి డబ్బు పంపలేకపోయాడని తర్వాత తెలిసింది.

ఆ బండి ఇంకో మూడేళ్ళు నడిపి అమ్మేశాను. అప్పటినుంచి ఏ బండి కొన్నా డాష్‌బోర్డు అరలో ఒక చిన్న నోటుబుక్కు ఉంటుంది. చప్పుడు వస్తే అందులో రాస్తాను: ఏ వేగంలో, ఏ గేరులో, తొక్కితేనా వదిలితేనా, కుడికా ఎడమకా, తడి రోడ్డా పొడి రోడ్డా. కారణం రాయడానికి కింద ఒక గీత గీసి ఖాళీ ఉంచుతాను. బండి విప్పి కళ్ళతో చూశాకే ఆ ఖాళీ నింపాలని నియమం. బండిలో ఎవరు కూర్చున్నా, నమ్మకాలు ఏవైనా, "మీకెక్కడ వినపడుతోంది?" అని అడుగుతాను. డ్రైవరు సీట్లోంచి వినపడని చప్పుళ్ళు చాలా ఉంటాయి.

ఆ యువ మిత్రుడికి నా జవాబు ఇదే. మనకీ ఉంటాయి నాయనా. పుస్తకంలో చదివిన పేర్లు వాటికి పెట్టుకుంటాం కాబట్టి గుర్తుపట్టడం కష్టం, అంతే.

అత్తయ్యగారికి ఇప్పుడు ఎనభై ఏడు. ఇప్పుడూ రెండో వరసలో ఎడమ కిటికీ దగ్గరే కూర్చుంటారు. కొత్త బండికీ దండ కట్టించారు. నేను ఉపన్యాసం ఇవ్వడం మానలేదు, ఆవిడ వినడమూ మానలేదు. మొన్న ఆస్పత్రి నుంచి వస్తుంటే, "బాబూ, ఎనకాల కిర్రుమంటంది" అన్నారు. బండి పక్కకి తీసి ఆపి, నోటుబుక్కు తీశాను.